ఎలుగుబంటి ఆట

వెనుకటి దినములలో డమరుకము మ్రోగించుచు ఎలుగుబంటివాడు వీధిలోనికి వచ్చినంతనే, దాని వీపుపై కూర్చుండబెట్టిన పసిబిడ్డకు దడుపు తొలగునని నమ్మిన తల్లులు గుమ్మములు దాటి వచ్చి, దాని వెండ్రుకలను తాయెత్తులో చుట్టి బిడ్డ మెడలో కట్టెడివారు. ఆ క్రూరమృగము సాధువైన విధమును విచారించినవారు అరుదు: కూనగా నున్నపుడే తల్లినుండి వేఱుచేసి, కాల్చిన ఇనుపసూదితో మూతిని పొడిచి త్రాడు దూర్చి, కోరలను ఊడబెరికిన పిదపనే అది బిడ్డను మోయుటకు యోగ్యమగుచుండెను.

ఉత్తరాపథమున తరతరములుగా ఈ వృత్తినే నమ్ముకొనిన ఖలందరులు ఆగ్రా మార్గమున యాత్రికుల యెదుట ఎలుగులను ఆడించిరి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిదపను దశాబ్దములు సాగిన యీ ఆట, మృగమును అప్పగించిన కుటుంబమునకు వేఱొక జీవనాధారము చూపుటచేత 2009 నాటికి దాదాపుగా అంతరించెను. చేతికందునట్లు మచ్చికయైన వన్యమృగము కానవచ్చినపుడు, ఆ మచ్చికకు అది చెల్లించిన మూల్యమెంతయని అడుగుట యాత్రికుని ధర్మము.