మూసీవఱద – విశ్వేశ్వరయ్యగారి పరిశోధన

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదులో వేలకొలది ప్రాణములను బలిగొనెను. బొంబాయి రాజధానిలో 1884 మొదలు నీటిపనులు నిర్వహించి గడించిన యనుభవముతో మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు మఱుసటియేట నచటికి వచ్చిరి. వారు నగరము నొక్కదానినే చూడక, ఎగువను నదికి నీరు చేర్చు ప్రదేశమునెల్ల పరిశీలించిరి, వానకొలతలు సేకరించిరి, చెఱువులను లెక్కించిరి. 788 చెఱువులలో 221 తెగెనని తేలెను. వానకు తెగిన కట్టల నీరును తోడై వఱద పెరిగెనన్నమాట. వారి సలహాపై నెగువను జలాశయములు వెలసెను: 1920లో ఉస్మాన్ సాగరము, 1927లో హిమాయత్ సాగరము.

ముదిగొండ పెద్దలారా! 2024 సెప్టెంబరులో మున్నేరు ఖమ్మమును ముంచుట మీరెఱుగుదురు. ఎగువయూరి చెఱువుకట్టయే దిగువయూరికి ప్రాణరక్ష. తొలకరికి ముందే కట్టను, తూమును, అలుగును చక్కబెట్టుకొనుడు.