ఆంగ్ల జాతీయాల తెలుగు ప్రస్థానం – అర్థపరిణామ పరిశీలన

విడి పదాల అర్థాలన్నీ తెలిసినా మొత్తం అర్థం బోధపడని పదబంధాన్ని జాతీయం అంటారు. ‘చేతులెత్తేయడం’ అన్న మాటలో చేతులూ ఎత్తడమూ తెలిసినంత మాత్రాన నిస్సహాయత స్ఫురించదు. జాతీయాన్ని నిలబెట్టేది వ్యాకరణం కాదు, ఆ భాష మాట్లాడే జాతి అనుభవం. అందుకే ఒక భాషలోని జాతీయం మరో భాషలోకి వచ్చినప్పుడు పదాలు అనువాదమైనా, వాటి వెనుక ఉన్న అనుభవం అనువాదం కాదు. ఆధునిక తెలుగులో స్థిరపడిన కొన్ని ఆంగ్ల జాతీయాల చరిత్రను పరిశీలించి, వాటి అర్థం ఎక్కడ నిలిచిందో, ఎక్కడ మారిందో నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రెండు భాషల నుడికారాలను పక్కపక్కన పెట్టి చూసే ప్రయత్నం పంతొమ్మిదో శతాబ్దంలోనే బలపడింది. సి.పి. బ్రౌన్ నిఘంటువులు 1852లో వెలువడ్డాయి. కెప్టెన్ ఎం.డబ్ల్యు. కార్ తెలుగు సామెతలను సేకరించి, ఆంగ్లానువాదంతో 1868లో ప్రకటించాడు. ఈ కృషి ప్రధానంగా తెలుగును ఆంగ్లేయులకు బోధపరచడానికి సాగింది. ఆంగ్ల నుడికారం తెలుగులోకి విరివిగా ప్రవహించిన మార్గం వేరు; అది పత్రికా రచన. ఆంగ్లంలో అందిన వార్తను గడువులోగా తెలుగు చేయవలసిన ఉపసంపాదకుడు తరచు పదానికి పదం పెట్టవలసి వచ్చింది. అలా వచ్చినవాటిలో కొన్ని రాలిపోయాయి, కొన్ని వేరూనాయి.

అర్థం చెదరకుండా నిలిచినవాటికి ‘మొసలి కన్నీరు’ మంచి ఉదాహరణ. మొసలి మనిషిని తింటూ ఏడుస్తుందన్న నమ్మకం మధ్యయుగ ఐరోపాలో ఉండేది. పద్నాలుగో శతాబ్దపు మాండవిల్ యాత్రాకథనంలో అది కనిపిస్తుంది. షేక్‌స్పియర్ నాటకాల్లోనూ ప్రస్తావన ఉంది. తెలుగువారి కథల్లో మొసలి ఏడవదు. అయితే పంచతంత్రంలోని లబ్ధప్రణాశ కథలో కోతిని స్నేహం పేరుతో నీటి నడుమకు తీసుకుపోయిన మొసలి ఉంది. కపటానికి మొసలి ప్రతీక కావడం తెలుగు పాఠకుడికి కొత్త కాదు. ఆ జాతీయం పరాయిదిగా తోచకపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు.

‘తెల్ల ఏనుగు’ స్థితి దీనికి భిన్నం. నచ్చని ఆస్థానికుడికి సయాం రాజు తెల్ల ఏనుగును బహూకరించేవాడనీ, పవిత్రమైన ఆ జంతువుతో పని చేయించుకోలేక, పోషణ భరించలేక అతడు చితికిపోయేవాడనీ ఆంగ్లంలో ప్రచారమైన కథ. సయాంలో మాత్రం శ్వేతగజం రాజవైభవ చిహ్నం. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ దేశ పతాకంపై ఉన్నది అదే. తెలుగు సంప్రదాయంలోనూ తెల్ల ఏనుగంటే ఐరావతం, క్షీరసాగర మథనంలో పుట్టిన ఇంద్రవాహనం. ఇప్పుడు నష్టాల సంస్థను పత్రికలు తెల్ల ఏనుగంటున్నాయి. ఒకే రూపానికి పురాణంలో శుభార్థం, వార్తలో నిందార్థం. ఈ రెండో అర్థం తెలుగు అనుభవం నుంచి పుట్టలేదు.

‘బలిపశువు’ విషయం మరింత ఆసక్తికరం. లేవీయకాండం పదహారో అధ్యాయంలో రెండు మేకల ప్రస్తావన ఉంది. ఒకదాన్ని వధిస్తారు, రెండోదానిపై ప్రజల పాపాలు మోపి అరణ్యంలోకి వదిలేస్తారు. ఆ రెండోదానికి విలియం టిండేల్ 1530 నాటి అనువాదంలో ‘తప్పించుకుపోయే మేక’ అన్న అర్థంలో ఆంగ్ల పదాన్ని కల్పించాడు. తెలుగు బైబిలు ఈ విడిచిపెట్టే భావాన్నే నిలుపుకుంది. లోకవ్యవహారం మాత్రం ఆంగ్ల జాతీయానికి అప్పటికే ఉన్న ‘బలిపశువు’ను సమానార్థకం చేసింది. ఇతరుల తప్పు మోయడమన్న భావం దక్కింది. ప్రాణంతో వెలి కావడం పోయి, వధ వచ్చి చేరింది.

‘కొత్త సీసాలో పాత సారా’లో మార్పు రెండు దశల్లో జరిగింది. సువార్తల్లోని ఉపమానం కొత్త ద్రాక్షారసాన్ని పాత తోలు తిత్తుల్లో పోయవద్దంటుంది. పులిసే రసం ఒత్తిడికి పాత తోలు పిగులుతుంది. 1611 నాటి ఆంగ్లానువాదం తిత్తికి వాడిన పదమే తర్వాత గాజు సీసాగా అర్థమైంది. క్రమంగా కొత్తా పాతా తారుమారై, పై రూపు మాత్రమే మారిందన్న ఎత్తిపొడుపు మిగిలింది. తెలుగులో ద్రాక్షారసం సారా అయింది. పాతబడిన ద్రాక్షారసానికి పాశ్చాత్యుల్లో గౌరవముంది. సారాకు ఆ గౌరవం లేదు. అందుచేత తెలుగు జాతీయంలో ఈసడింపు ఇంకా పదునెక్కింది.

ఈ ఉదాహరణలు మూడు గతులను చూపుతున్నాయి: దేశీయ భావంతో పొసగి నిలవడం, దేశీయ భావానికి ఎదురుగా నిలవడం, దేశీయ పదంలో ఒదిగి అర్థం మార్చుకోవడం. ఇలాంటి ప్రయోగాలన్నింటినీ అనువాద దోషాలుగా తోసిపుచ్చితే మూడో గతిలోని సృజన మరుగున పడుతుంది. అన్నింటినీ తెలుగు జాతీయాలుగా లెక్కిస్తే రెండో గతిలోని విరోధం కనిపించకుండా పోతుంది. కాబట్టి జాతీయాల నిఘంటువు అర్థంతో సరిపెట్టుకోరాదు. పుట్టుక, వచ్చిన మార్గం, మారిన అర్థం కూడా నమోదు చేయాలి. లేకుంటే రాబోయే తరం పాఠకుడు ఐరావత వర్ణన చదువుతూ నష్టాల సంస్థను తలచుకునే ప్రమాదం ఉంది.