స్తంభాలు ఒరిగిన ఫోటో

మా మామ్మగారి ఇంటి ఫోటో ఒకటి నా దగ్గర ఉంది. 1958లో తీసింది. అరుగు మెట్ల మీద పదిహేడు మంది. కింద చాప మీద పిల్లలు, కుర్చీల్లో పెద్దవాళ్ళు, వెనక నిలబడ్డ కోడళ్ళు. ఒక్కరూ నవ్వడం లేదు. పిల్లల వరసలో ఎడం చివర మా మేనత్తయితే ఏకంగా ఏడుపు మొహంతో ఉంది. వీళ్ళందరి వెనకా మేడ, దానికి నాలుగు పొడవాటి స్తంభాలు. ఆ స్తంభాలు నిలువుగా లేవు. పైకి పోయేకొద్దీ ఎడం పక్కవి కుడికీ, కుడి పక్కవి ఎడమకీ ఒరిగి ఉంటాయి. మొదట తెలియదు. ఒకసారి కంటపడిందంటే ఇక అదే కనబడుతుంది.

ఆ ఒరుగుడు మీద మా ఇంట్లో జరిగినన్ని మాటలు ఏ దస్తావేజు మీదా జరగలేదు. ఇల్లు విశాఖ పాత ఊళ్ళో ఇరుకు వీధిలో ఉండేది, పక్క సందులోంచి సముద్రం కనబడేది. వాటాల వేళ ఆ ఇల్లు తీసుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. "1958కే ఒరిగిపోయిన ఇల్లు, ఫోటోలో కనబడటంలేదా?" అని మా పెద్దల్లో ఒకాయన తేల్చేశారు. వచ్చిన ధరకి అమ్మేశారు. కొన్నవాళ్ళు కొట్టేసి అపార్టుమెంటు కట్టుకున్నారు. మామ్మ మాత్రం పోయేదాకా ఒకటే మాట: "ఇల్లు నిక్షేపంలా ఉండేదమ్మా. మీ తాతగారు దగ్గరుండి మట్టం చూసి కట్టించారు." ముసలావిడ మమకారం అనుకున్నాం. నేనూ అలాగే అనుకున్నాను.

పోయినేడాది ఆ ఫోటోకి కాపీలు తీయిద్దామని, ఒకప్పుడు స్టూడియో నడిపిన ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన ఫోటోని వెలుతురులోకి పట్టుకుని, "కెమెరా మూతి పైకెత్తి తీసినట్టున్నాడమ్మా" అన్నారు. ఇల్లు ఒరగలేదా బాబాయిగారూ అంటే నవ్వి, అటక మీంచి ఓ పెట్టె దింపించారు.

నల్లగుడ్డ కప్పుకుని తీసే కెమెరా మా తరం చిన్నప్పుడు చూసిందే. దాన్ని దగ్గరగా చూడటం మాత్రం అదే మొదలు. ఫీల్డ్ కెమెరా అంటారట, మడిచి పెట్టెలా పట్టుకుని ఎక్కడికైనా తీసుకెళ్ళొచ్చు కనక. ముందొక చెక్క చట్రం, దానికి లెన్సు. వెనకొక చట్రం, దానికి గరుకు అద్దం. రెంటికీ మధ్య తోలు తిత్తి. అద్దం మీద మనుషులు తలకిందులుగా, కుడి ఎడమలు మారి కనబడతారు. ఫోకస్ కుదిరాక అద్దం చోట ప్లేటు పెడతారు. మా ఫోటో 'ఫుల్ ప్లేట్', అంటే 8½ అంగుళాల వెడల్పు, 6½ ఎత్తు. ప్లేటు ఎంతో ఫోటో అంత, పెంచడం తగ్గించడం లేదు.

కెమెరా అడుగుపలకలో చిన్న ఇత్తడి రసమట్టం బిగించి ఉంది. గాలిబుడగ సరిగ్గా మధ్యకి వచ్చేలా స్టాండు కాళ్ళు సర్దారాయన. తరవాత ఇంకో రసమట్టం తెచ్చి వెనక చట్రానికి ఆనిస్తే, అక్కడ బుడగ పక్కకి పోయింది! చెక్కతో వచ్చే తంటా అది. శ్రావణంలో మన తలుపులు బిగుసుకుపోవా? వేసవిలో మళ్ళీ వదులవుతాయి. చెక్క నారు పొడవునా పెద్దగా మారదు, అడ్డంగా ఉబ్బుతుంది, ఎండుతుంది. దానికి తోడు ఏళ్ళ తరబడి మడిచీ విప్పీ మడతబందులు అరుగుతాయి. బరువైన లెన్సుకి ముందు భాగం వాలుతుంది. అడుగుపలక చదునుగా ఉన్నంత మాత్రాన ప్లేటు ఉండే చట్రం నిలువుగా ఉన్నట్టు కాదన్నమాట. చట్రం పక్కకి ఒక్క డిగ్రీ ఒరిగితే, 6½ అంగుళాల ఎత్తులో స్తంభం పైకొస, కింది కొస కంటే దాదాపు 3 మిల్లీమీటర్లు పక్కకి పడుతుంది.

అసలు రసమట్టమే తప్పు చెబుతుంటే? దానికీ ఉపాయం చెప్పారు. బల్ల మీద పెట్టి బుడగ ఎటుందో చూసి, అదే చోట కొసలు మార్చి పెట్టాలి. బుడగ రెండుసార్లూ గదిలో ఒకే దిక్కుకి నిలిస్తే తప్పు బల్లది. మట్టంతోపాటు బుడగా దిక్కు మారిస్తే తప్పు మట్టానిది. ఇంటికొచ్చి మా స్టవ్ గట్టు మీద ఇదే చేశాను. పదేళ్ళుగా పెనం మీద నూనె ఎందుకు ఒక పక్కకే చేరుతోందో ఆ రోజు తెలిసింది.

ఈ మట్టం గొడవ పాతదే. మన డాబాగార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు గారి నక్షత్రశాల ఉండేది, అక్కడి దూరదర్శినికీ ఇదే తిప్పలు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటుతుంటే ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు అక్కడి నుంచే పరిశీలించారు. గురి తప్పితే మళ్ళీ ఎనిమిదేళ్ళకి గానీ అలాంటి దాటు లేదు, ఆ తరవాత శతాబ్దం పైనే ఆగాలి.

కెమెరాల సంగతికొస్తే మన తెలుగునాట మొదట చెప్పుకోవలసింది రాజా దీన్ దయాళ్‌ని. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టారు. రూర్కీ కాలేజీలో ఇంజనీరింగ్ చదివి, 1866లో ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ ఉద్యోగంలో చేరారు. అంటే కెమెరా పట్టకముందే కొలతల మనిషి. తరవాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరయ్యారు, సికింద్రాబాదులో స్టూడియో పెట్టారు. ఆయన తీసిన కట్టడాల ఫోటోలు దొరికితే ఒకసారి స్కేలు ఆనించి చూడండి. మనం ఫోన్‌తో చార్మినార్ తీస్తే మీనార్లు నాలుగూ పైకి పోయి ఒకదాని మీద ఒకటి వాలిపోతాయి. తలెత్తి చూసినట్టు ఫోన్ ఎత్తుతాం మరి. ఫీల్డ్ కెమెరాలో ఎత్తక్కర్లేదు. వెనక చట్రాన్ని నిలువుగా ఉంచేసి, ముందున్న లెన్సు పలకని మాత్రం పైకి జరిపితే చాలు. పైభాగం ఫోటోలో పడుతుంది, గీతలు నిలువుగానే ఉంటాయి. ఇంగ్లండులో కేంబ్రిడ్జికి చెందిన శాండర్సన్ అనే చెక్కపనివాడికి ఎత్తైన కట్టడాలు ఫోటో తీయాలని సరదా. ఈ జరుపుడు ఇంకా సులువయ్యేలా ముందు పలకకి గాడులున్న ఇత్తడి పట్టీలు అమర్చి 1895లో పేటెంటు తీసుకున్నాడు.

దీన్ దయాళ్ పనిలో నాకు ఎక్కువ నచ్చింది వేరే. 1892లో హైదరాబాదులో ఆడవాళ్ళ కోసం జనానా స్టూడియో తెరిచారు. చుట్టూ ఎత్తైన గోడలు, లోపలికి మగవాళ్ళు రాకూడదు. కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు ఆవిడ ఫోటోలు తీసేది, సహాయానికి ఇక్కడి ఆడవాళ్ళు. పరదా చాటున బతికే బేగములు కెమెరా ముందు కూర్చోవడం గురించి చాలామంది రాస్తారు. నాకు మాత్రం ఆ సహాయకురాళ్ళే కళ్ళ ముందు మెదులుతారు. బరువైన చెక్క కెమెరాని స్టాండు మీద నిలబెట్టి, బుడగ మధ్యకి వచ్చిందా లేదా అని వంగి చూసే ఆడమనిషి, 1892లో!

దీన్ దయాళ్ 1905లో పోయారు. ఆయన గాజు ప్లేట్లు 2,857 ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి.

సీమ కెమెరాలు కొనలేని చిన్న స్టూడియోలకి తరవాత దిక్కయింది కేరళలోని అలెప్పీ. 1940ల్లో అక్కడొక ఫోటోగ్రాఫరు, తిత్తి చిరిగిన కెమెరాని సంగీత వాయిద్యాలు చేసే ఇంటికి పట్టుకెళ్ళాడట. హార్మోనియం తిత్తి కట్టేవాళ్ళకి కెమెరా తిత్తి ఎంత! అది బాగుచేసిన కరుణాకరన్ గారు తరవాత టేకుతో, ఇత్తడితో సొంతంగా కెమెరాలే చేశారు. పేరు 'వాగీశ్వరి', సరస్వతీదేవి పేరు. దేశమంతా వెళ్ళాయవి. టేకులో నూనె ఉంటుంది కాబట్టి తేమకి అంత తేలిగ్గా లొంగదు. మన సముద్రపుగాలికి అది చిన్న సాయం కాదు.

ఇక మా ఫోటో. మావారు స్టీల్‌ప్లాంటులో మెషీన్లు మట్టం చేసిన మనిషి, నేను చెప్పిందంతా విని ముందు ఒప్పుకోలేదు. "ఇల్లు పక్కకి ఒరిగితే స్తంభాలన్నీ ఒకే వైపుకి పడాలి, నిజమే. కానీ ఇల్లు వెనక్కి వాలినా ఇలాగే లోపలికి పడతాయి కదా?" అన్నారు. దానికి జవాబు ఫోటోలోనే ఉంది. ఎడం పక్క సందులో వేలెడు మేర సముద్రపు గీత కనబడుతోంది. సముద్రాన్ని మించిన రసమట్టం ఏముంది? ఆ గీత ఫోటో అడుగు అంచుకి సమానంగా ఉంది, అంటే కెమెరా పక్కకి ఒరగలేదు. కెమెరా సూటిగా చూస్తుంటే ఆ గీత సరిగ్గా మధ్యలో, 3¼ అంగుళాల ఎత్తులో పడాలి. స్కేలు పెడితే 2¼ దగ్గర ఉంది. ఒక అంగుళం కిందికి! ఫుల్ ప్లేట్ కెమెరాకి మామూలుగా వాడే లెన్సు లెక్కన, మూతి దాదాపు 5 డిగ్రీలు పైకెత్తినట్టు. ఆ 5 డిగ్రీలకి చివరి స్తంభం ఎంత ఒరగాలో మావారు కాగితం మీద వేశారు, 2 మిల్లీమీటర్ల చిల్లర వచ్చింది. ఫోటోలో కొలిస్తే అంతే ఉంది. ఇంటికంటూ మిగిలిన వాలు ఏమీ లేదు.

ఇరుకు వీధి, వెనక్కి జరిగే చోటు లేదు. మేడ నొసట అచ్చువేయించిన సంవత్సరం కూడా పడాలని తాతగారు పట్టుబట్టారట. పలక జరపడం తెలియకో, తేమకి బిగుసుకుని జరగకో, ఆ ఫోటోగ్రాఫరు కెమెరానే ఎత్తేశాడు.

ఆ తీర్మానం చేసినాయన ఇప్పుడు లేరు, మామ్మా లేదు. మేనత్తకి ఫోన్ చేసి చెప్పాను. ఆవిడకి ఎనభై దగ్గర పడుతున్నాయి. అంతా విని కాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఎత్తకేం, ముందు కాలు కింద నా పలకే పెట్టాడు. కొత్త పలక. ఫోటో అయ్యేసరికి రెండు ముక్కలు" అంది.