కతోలిక వివాహ సంగీతం: రంగస్థలం, దేవాలయం, డోలు

కతోలిక వివాహాలలోనూ వధువు ప్రవేశవేళ వాడుకైన వాగ్నర్ బృందగానం 1850లో తొలిసారి ప్రదర్శితమైన 'లోహెంగ్రిన్' సంగీతనాటకంలోనిది. అక్కడది వివాహానంతరం దంపతులను శయనాగారానికి సాగనంపే పాట. ఆ రాత్రే వారి దాంపత్యం భగ్నమవుతుంది! మెండెల్సన్ 1842లో కూర్చిన వివాహయాత్రా సంగీతమూ షేక్స్పియర్ నాటకం కోసమే.

1903లో పోపు పదవ పయస్ దేవాలయ సంగీతంలో నాటకఛాయలు కూడదన్నారు. పియానోతోపాటు డోళ్లు, తాళాల వంటి పెద్దధ్వని వాద్యాలనూ నిషేధించారు. ఆ లెక్కన మన పెళ్లి డోలు గుమ్మం బయటే నిలవాలి. అయితే 1963లో ద్వితీయ వాటికన్ మహాసభ వెలువరించిన ఆరాధనా శాసనం 119వ అంశంలో ప్రాంతీయ సంగీత సంప్రదాయాలకు సముచిత స్థానమిచ్చింది. 120వ అంశంలో, ఆరాధనకు తగిన ఇతర వాద్యాలను అధికారుల సమ్మతితో అనుమతించింది. తెలుగు వధూవరులు డోలు సన్నాయిలు కోరినప్పుడు విచారణ గురువులు పరిశీలించవలసినవి ఈ రెండు అంశాలే.