తిరిగెడు నక్షత్రము - కుదరని లెక్క

భూమి తన చుట్టు తాను తిరుగుటచే మధ్యరేఖ వద్ద కొంచెము ఉబ్బియున్నదని విద్యార్థు లెరుగుదురు. అచ్చటి వ్యాసము ధ్రువముల మీదుగా కొలిచిన వ్యాసముకంటె సుమారు 43 కిలోమీటర్లు ఎక్కువ. దినమున కొకమారు తిరుగు భూమియే ఇట్లున్నచో, సెకనుకు వందలమార్లు తిరుగు గోళము ఆకార మెట్లుండును? ఇది వట్టి ఊహ కాదు. అట్టి న్యూట్రాన్ నక్షత్రములు ఆకాశమున కలవు.

పెద్ద నక్షత్రము పేలినపుడు దాని గర్భము కుంచించుకొని న్యూట్రాన్ నక్షత్రమగును. సూర్యునికంటె ఎక్కువ ద్రవ్యము ఒక పట్టణమంతటి గోళములో ఇమిడిపోవును. అచ్చట న్యూటన్ సూత్రము చాలదు. ఐన్‌స్టైన్ సాధారణ సాపేక్షతా సిద్ధాంతము కావలెను. 1939లో ఓపెన్‌హైమర్, వోల్కాఫ్ అను శాస్త్రజ్ఞులు తిరుగని నక్షత్రమునకు లెక్క కట్టిరి. అది సరియైన గోళము కనుక, కేంద్రమునుండి దూర మొక్కటి తీసికొన్న చాలును. తిరుగు నక్షత్రమున అక్షాంశము కూడ లెక్కకు వచ్చును. పైగా అది తన చుట్టునున్న అంతరిక్షమును సైతము కొంత త్రిప్పును. 1967లో హార్టిల్ మెల్లగా తిరుగు నక్షత్రములకు ఉజ్జాయింపు మార్గము చూపెను. ఆ యేడే జోస్లిన్ బెల్ తొలి పల్సార్‌ను గుర్తించెను. అది తిరుగు న్యూట్రాన్ నక్షత్రమే; ఒక చుట్టునకు 1.3 సెకన్లు పట్టును.

1982లో సెకనుకు 642 మార్లు తిరుగు పల్సార్ కనబడెను. దాని వ్యాసార్ధము 10 కిలోమీటర్లనుకొన్నచో, మధ్యరేఖ వద్ద వేగము సెకనుకు సుమారు 40,000 కిలోమీటర్లు! నక్షత్రము చెదరక ఎంత వేగము భరించును? ఎంత ద్రవ్యము నిలుపుకొనును? ఇందుకు కంప్యూటరు లెక్కయే శరణ్యము. బటర్‌వర్త్, ఇప్సర్ వేసిన బాటలో ఫ్రీడ్‌మన్, ఇప్సర్, పార్కర్ 1986లో అట్టి లెక్కలు చేసిరి. 1989లో జపానులో కొమత్సు, ఎరిగుచి, హాచిసు వేరొక పద్ధతి కల్పించిరి. మొదట సాంద్రత ఇంత యని ఊహింతురు. దానినుండి గురుత్వమును, గురుత్వమునుండి క్రొత్త సాంద్రతను కట్టుదురు. విలువలు మారుట మానువరకు మరల మరల ఇట్లే చేయుదురు.

1994లో ఎరిగుచి బృందము ప్రకటించిన ఫలితములు కొన్ని 1986 నాటి వానితో సరిపోలలేదు. ఇది చిన్న విషయము కాదు. ఒక పల్సార్ వేగమును భరింపలేని నక్షత్రమును సూచించు పదార్థ సిద్ధాంతమును త్రోసివేయవలసినదే. లెక్కయే తప్పైనచో మంచి సిద్ధాంతము వృథాగా పోవును. సరిచూచుటకు చేతితో సాధించిన జవాబు లేదు.

1995లో స్టెర్గియూలస్, ఫ్రీడ్‌మన్ రెండు పద్ధతులను ప్రక్కప్రక్కన నిలిపి పరీక్షించిరి. రెండును చక్కగా ఏకీభవించెను! దోషము గణితమున లేదు. సాంద్రతకు, పీడనమునకు గల సంబంధమును తెలుపు స్థితి సమీకరణము ఇరువురును ఒకే పేరుతో వాడినను, దాని పాఠములు మాత్రము వేరు. 1998లో స్టెర్గియూలస్ జపాను, ఫ్రాన్సు శాస్త్రజ్ఞులతో కూడి మూడు పద్ధతులను పోల్చెను, నమ్మకము బలపడెను. 2006లో సెకనుకు 716 మార్లు తిరుగు పల్సార్ ప్రకటితమయ్యెను.

తరగతిలో ఒకే లెక్కకు ఇద్దరు విద్యార్థులు వేర్వేరు జవాబులు తెచ్చినపుడు, ఎవరిది తప్పని అడుగుటకు ముందు ఇరువురును ఒకే అంకెలు ఎక్కించుకొనిరో లేదో చూడవలెను. నక్షత్రముల లెక్కకును ఆ నియమమే.