ఆంధ్రతీర వాణిజ్యము: ఎగుమతి దిగుమతుల వెలలు

రేవునందు నిలిచిన యోడల సంఖ్యనుబట్టి దేశభాగ్యమును నిర్ణయించుట చరిత్రరచనలో బహుకాలముగ నున్న వాడుక. మోటుపల్లికి వచ్చిన సుగంధద్రవ్యములు, మచిలీపట్టణమునుండి పోయిన వస్త్రములు, కాకినాడనుండి వెడలిన ప్రత్తి, ఇవి యన్నియు నొక్క వరుసను గూర్చి ఆంధ్రవాణిజ్యము నానాఁట వర్ధిల్లెనని చెప్పుట సులభము. కాని సరకు రాశి వేఱు, దాని ఫలము వేఱు. వెడలిన సరకునకు వచ్చిన వెల యెంత? ఆ వెలకు దొరకిన పరదేశపు సరకెంత? ఈ రెండు వెలలను నిర్ణయించినవా రెవరు? ఈ మూఁడు ప్రశ్నలకు సమాధానము దొరకినఁగాని వాణిజ్యమువలన దేశము బాగుపడెనో చెడెనో తెలియదు.

పది పుట్ల వడ్లమ్మి యొక మూట గుడ్డలు కొనెడి రైతునే యుదాహరణముగఁ గొనవచ్చును. గుడ్డల వెల మాఱక వడ్ల వెల సగమునకు దిగినచో, ఆ మూటకే యిరువది పుట్లు కావలసివచ్చును. అప్పు డోడ కెక్కిన ధాన్యము రెట్టింపగును. లెక్కలలో నెగుమతి పెరిఁగినట్లే కనఁబడును. రైతునకు శ్రమ రెండింత లయ్యును ఫలము మునుపటి యంతయే. ఎగుమతి దిగుమతుల వెలలకుఁ గల యీ సంబంధమునే వాణిజ్యనిష్పత్తి యనవచ్చును. దీనిని చేతఁ బట్టుకొని చూచినచో ఆంధ్రతీరచరిత్రము వేఱొక రూపమునఁ గనఁబడును.

శాలివాహనశకము 1166, అనఁగా క్రీ. శ. 1244-45లో, కాకతి గణపతిదేవుఁడు మోటుపల్లిలో వేయించిన యభయశాసనము ఈ విషయమున మొదట గణింపఁదగినది. పెనుగాలికిఁ జిక్కి తీరమునఁ బడిన యోడలలోని బంగారము, ఏనుఁగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలగు సర్వస్వమును బూర్వరాజులు బలిమిచేఁ గైకొనెడివారనియు, ఇకమీఁద నిర్ణీతమైన సుంకము దక్క వేఱేమియుఁ దీసికొనఁబడదనియు అందుఁ బ్రకటింపఁబడినది. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట నొకటి. చందనము, కర్పూరము, ముత్తెములు, పన్నీరు, దంతము, రాగి, సీసము, పట్టు, పగడములు, మిరియములు, పోఁకలు మున్నగువానిపైఁ గొనఁదగిన సుంకములును అందుఁ బేర్కొనఁబడినవి.

ఈ శాసనమును రాజు దయకు నిదర్శనముగఁ బండితులు కొనియాడుదురు. కీర్తియు ధర్మమును గోరి యీ యభయ మిచ్చినట్లు శాసనమే చెప్పుచున్నది; అది సత్యమే. కాని దయతోపాటు లెక్కయు నిందుఁ గలదు. పది యోడలలో నొకదానిలోని సరకు తీరమునఁ గొల్లపోవునని వెఱచిన వర్తకుఁడు ఆ నష్టమును దక్కిన తొమ్మిది యోడల సరకుపై వేయును. తెచ్చిన కర్పూరమును హెచ్చువెలకు విక్రయించును. కొనిపోవు వస్త్రమునకుఁ దక్కువ వెల యిచ్చును. ఇట్లు భయము రెండువైపుల దేశమునే దండించును. 300 మాడల సరకునకు 10 మాడల సుంక మిచ్చి నిశ్చింతగ నుండుట వర్తకునకును లాభము, దేశమునకును లాభము. కొండవీటి యనవోతారెడ్డి 1358లో మోటుపల్లియందే వర్తకులకు మరల నభయశాసన మిచ్చుటనుబట్టి యీ నీతి యొక్క రాజవంశముతో ముగియలేదని తెలియుచున్నది.

పదునేడవ శతాబ్దమున మచిలీపట్టణము ప్రసిద్ధి కెక్కినది. హాలండు దేశీయులు 1605లో నచ్చటికి వచ్చి, మఱుసటి యేఁట గోలకొండ సుల్తానువలన ననుజ్ఞ వడసిరి. ఆంగ్లేయుల యోడ 1611లో వచ్చెను. తూర్పుదీవులలో మిరియములు, లవంగములు, జాజికాయలు అమ్మువారు ఐరోపా సరకులకంటె నీ తీరపు వస్త్రములనే మిక్కిలిగఁ గోరుచుండిరి. కాఁబట్టి యా ద్రవ్యములు కావలసిన ఐరోపీయులు మొదట నిచ్చట వస్త్రములు కొనవలసివచ్చెను. ఆ వస్త్రములకై వెండి బంగారములు తేవలసివచ్చెను. కృష్ణాముఖద్వారప్రాంతమునఁ బెరిఁగెడి చిరివేరు వలన వచ్చు నెఱుపు, కలముతో వ్రాసెడివారి హస్తకౌశలము, వీనికి సాటి యన్యత్ర సులభముగ దొరకదు. కొనువారు పెక్కండ్రు, సరకు విశిష్టము. ఇట్టి యెడ వెల యమ్మువానివైపు మొగ్గుట సహజము.

అయినను ఆ కాలమునందును దిగుమతి వెల దేశము చేతిలో లేదు. హాలండు కంపెనీ 1621లో బాందా దీవులను జయించి జాజికాయ, జాపత్రుల వర్తకమును దన గుప్పిటఁ బెట్టుకొనెను. పిమ్మట నా ద్రవ్యముల వెల యొక్క కంపెనీ యిష్టము ననుసరించెను. వస్త్రముల వెలలోను సాలెవానికిఁ జేరినది కొంతయే. నడుమ నుండి బయానా లిచ్చిన వర్తకులు తమ పాలు తీసికొనిరి.

పదునెనిమిదవ శతాబ్దమునఁ దక్కెడ యొఱిగినది. ఇంగ్లండు పార్లమెంటు 1700లోను 1721లోను చేసిన శాసనములు అద్దకపు నూలువస్త్రముల వాడుకను ఆ దేశమున నిషేధించెను. ఇచ్చట నుత్తరసర్కారులు 1766 నాఁటి సంధివలన ఆంగ్లకంపెనీ కధీనమయ్యెను. అంతకుముందు పెక్కండ్రలో నొకఁడైన కొనువాఁడు ఇపుడు రాజయ్యెను. సాలెవానికి వేఱొక వర్తకుని యొద్దకుఁ బోవు స్వేచ్ఛ తగ్గినకొలఁది వెల నిర్ణయించు శక్తి యొక్క చేతఁ జేరినది. పిదప యంత్రపు నూలును గుడ్డలును చౌకగ దిగుమతి యయ్యెను. కొనువారి కిది మేలే. కాని రాట్నముపై నాధారపడిన స్త్రీల జీవనము మొదటఁ బోయెను. చేనేఁత మిగిలినచోటను దానికిఁ గావలసిన నూలు వెల సముద్రమున కావల నేర్పడఁ జొచ్చెను.

వస్త్రములు పంపిన దేశము ప్రత్తి పంపు దేశమయ్యెను. 1861 మొదలు 1865 వఱకు అమెరికాలో జరిగిన యంతర్యుద్ధమువలన నచ్చటి ప్రత్తి రాక నిలిచిపోఁగా, లివర్‌పూలులోఁ బ్రత్తి వెల మూఁడింతలకు మించెను. నాఁటి కృష్ణా, కర్నూలు, బళ్లారి మండలముల నల్లరేగడి భూములు గల రైతుల కది యదృష్టకాలము. ఆ కాలమే సాలెవానికిఁ గష్టకాలము. నూలు ప్రియమైనను గుడ్డను ఆ మేరకుఁ బ్రియముగ నమ్మఁజాలఁడు. ఒక్క వెల యొక్క యూరిలోనే యొకనికి భాగ్యమును వేఱొకనికి దారిద్ర్యమును దెచ్చినది. యుద్ధము ముగియఁగానే వెల పడిపోయెను. ఈ యెక్కుటకుఁ గాని దిగుటకుఁ గాని కృష్ణాతీరమున నేమియుఁ గారణము లేదు.

1929లో మొదలైన ప్రపంచార్థికమాంద్యమున నీ సత్యము మఱింత స్పష్టమైనది. కొన్ని యేండ్లలో వడ్ల వెల యించుమించు సగమునకు దిగినది. భూమిశిస్తు రూపాయలలో నేర్పడినది, అప్పును రూపాయలలోనిదే, అవి వెలలతోపాటు దిగలేదు. 1931 సెప్టెంబరులో ఇంగ్లండు బంగారు ప్రమాణమును వదలఁగా బంగారపు వెల హెచ్చెను. అప్పులు దీర్చుటకై కుటుంబములు నగలమ్ముకొనెను; భారతదేశమునుండి బంగారము విస్తారముగ నెగుమతి యయ్యెను. వస్త్రములకై బంగారము తీరమునకు వచ్చిన కాలము మూఁడువందల యేండ్లనాఁటిది. శిస్తునకును వడ్డికిని బంగారము తీరము దాఁటిన కాల మిది. రెండును లెక్కలలో వాణిజ్యమే. రైతుల ఋణభారమును దగ్గించుటకు మదరాసు ప్రభుత్వము 1938లోఁ బ్రత్యేకశాసనము చేయవలసివచ్చెను.

ముడిసరకుల వెలలు, తయారైన సరకుల వెలలతోఁ బోల్చి చూడఁగా, దీర్ఘకాలమునఁ దగ్గుచుండునని 1950లో రౌల్ ప్రెబిష్, హాన్స్ సింగర్ అను అర్థశాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. దానిపై వాదప్రతివాదములు కలవు. ఆంధ్రతీరచరిత్రము ఆ సిద్ధాంతమునకుఁ గొంత బలము నిచ్చును గాని యంతటితో నాఁగదు. 1861 తరువాత ముడిప్రత్తి వెల మిన్నంటినది; పదునేడవ శతాబ్దమున నేర్పరియైన సాలెవానికిఁ దన వస్త్రపు వెలలో నల్పభాగమే దక్కినది. కాఁబట్టి ముడిసరకు నమ్ముటయే దోషము గాదు. వెల యేర్పడుచోట నమ్మువానికి మాట లేకుండుట దోషము. గణపతిదేవుని శాసనమునకుఁ గల విలువ యిందే యున్నది. సముద్రమున కావలి వెల నాతఁడు శాసింపలేఁడు. తన రేవున నా వెలపైఁ బడు భయమును సుంకమును మాత్రము శాసింపఁగలఁడు. తన చేతనైనది గుర్తించి, దానిని ఱాతిపైఁ జెక్కించెను. వాణిజ్యశాసనములను, కంపెనీల లెక్కలను జదువువారు ఓడలను లెక్కించిన పిదప నాఁగక, ఆ యోడలలోని సరకునకు వెల కట్టినవారెవరని కూడ విచారింపవలెను.