నాలుగు పేజీల్లోంచి వచ్చిన ఫోటో

కొత్తగా కెమెరా కొన్నవాళ్ళు మొదట అడిగేది లెన్స్ గురించి. ఆ తర్వాత అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే: "రా ఫైలు తియ్యాలా, జేపెగ్ సరిపోతుందా?" ఈ ప్రశ్నకి జవాబు చెబుతూ చెబుతూ, అసలీ జేపెగ్ ఎవరి బుర్రలో పుట్టిందో చూద్దామని వెతికాను. వెతుకులాట 1974 జనవరి నాటి ఒక ఇంజనీరింగ్ పత్రిక దగ్గర ఆగింది. నాలుగు పేజీల వ్యాసం, రాసినవారు ముగ్గురు: ఎన్. అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు. ఆ మూడో పేరు పూర్తిగా చెప్పుకుంటే కామిశెట్టి రామమోహనరావు. మన ఇంటిపేరే! ఊళ్ళో పెళ్ళి ఫోటో కావచ్చు, పారిస్ వీధి ఫోటో కావచ్చు, జేపెగ్ అయితే చాలు, దాని గుండెలో ఉన్న గణితం మీద ఒక తెలుగు పేరు కూడా ఉంది. ఆ సంతోషం నాకింకా తీరలేదు.

నాసిర్ అహ్మద్ 1940లో బెంగళూరులో పుట్టారు. ఇంజనీరింగ్ అక్కడే చదివి అమెరికా వెళ్ళారు. రావుగారు మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి వెళ్ళారు. ఇద్దరూ 1966లో న్యూ మెక్సికో విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ తీసుకున్నారు. తర్వాత అహ్మద్ కాన్సాస్‌లోనూ, రావు టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లోనూ పాఠాలు చెప్పారు. స్నేహం మాత్రం నిలిచింది.

బొమ్మని తక్కువ సంఖ్యల్లోకి కుదించడానికి అప్పటికే ఒక ఆదర్శమైన పద్ధతి తెలుసు. కానీ దాన్ని వాడాలంటే ప్రతి బొమ్మకీ కొత్తగా బోలెడు లెక్క కట్టాలి, ఆనాటి యంత్రాలకి అది మోయలేని పని. కొసైన్ తరంగాలతో చేస్తే ఫలితం దానికి చాలా దగ్గరగా వస్తుందనీ, లెక్క మాత్రం తేలికవుతుందనీ అహ్మద్‌కి తోచింది. పరిశోధనకి డబ్బు కావాలని 1972లో అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థకి ప్రతిపాదన పంపారు. వాళ్ళు ఇవ్వలేదు. ఆలోచన మరీ సులువుగా ఉందన్నది ఒక పరిశీలకుడి అభిప్రాయం.

ఈ మాట దగ్గర నాకు ప్రతిసారీ మనసు కలుక్కుమంటుంది. సులువుగా ఉండటమే కదా దాని గొప్ప! కష్టంగా ఉంటే రెండు బ్యాటరీల బుల్లి కెమెరా ఆ లెక్కని రెప్పపాటులో చేసేదా? అహ్మద్ వదల్లేదు. తన దగ్గర డాక్టరేట్ చేస్తున్న నటరాజన్‌నీ, మిత్రుడు రావునీ కలుపుకుని 1973 వేసవి అంతా దానిమీదే కూర్చున్నారు. వచ్చిన ఫలితాలు నమ్మలేనంత బాగున్నాయి. అందుకే దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బొమ్మల గణితంలో ఆరితేరిన హ్యారీ ఆండ్రూస్‌ని అడిగి సరిచూసుకున్నారు. ఆయన ప్రచురించమన్నారు. అలా అచ్చయినవే ఆ నాలుగు పేజీలు.

వాళ్ళు చేసినదాని మీద కట్టిన జేపెగ్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఫోటోగ్రాఫర్‌కి రోజూ పనికొస్తుంది. అది ఫోటోని ఎనిమిది బై ఎనిమిది చుక్కల గళ్ళుగా కోస్తుంది. ఒక్కో గడిలో 64 చుక్కలు. వాటి విలువలకి బదులు వేరే 64 సంఖ్యలు రాసుకుంటుంది. మొదటి సంఖ్య ఆ గడి మొత్తం సగటు వెలుతురు. మిగిలినవి ఆ గడిలో వెలుగునీడలు ఎంత మెల్లగా, ఎంత చకచకా మారుతున్నాయో చెప్పేవి. మామూలు ఫోటోలో పక్కపక్క చుక్కలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి కాబట్టి ఆ సంఖ్యల్లో చాలా భాగం సున్నాకి దగ్గరగా వస్తాయి. తర్వాత ఒక్కోదాన్నీ ఒక పట్టికలోని అంకెతో భాగించి, దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తారు. ఫోటోలో పోయేది ముఖ్యంగా ఇక్కడే పోతుంది. ఎడిటింగ్‌లో క్వాలిటీ మీటను జరిపినప్పుడు మనం మారుస్తున్నది ఈ పట్టికనే. బాగా కుదించిన ఫోటోలో ఆకాశం గళ్ళుగళ్ళుగా విరిగిందంటే, ఆ గళ్ళలో సగటు తప్ప ఇంకేమీ మిగల్లేదన్నమాట.

రంగులకి ఇంకాస్త అన్యాయం జరుగుతుంది. మన కన్ను వెలుతురులో తేడాని పట్టినంత చురుగ్గా రంగులో తేడాని పట్టదు. రంగుల టెలివిజన్ వాళ్ళు 1950లలోనే దీన్ని వాడుకున్నారు, జేపెగ్ కూడా వాడుకుంది. అందుకే బాగా కుదించిన ఫోటోలో ఎర్ర పట్టుచీర మీద సన్నని జరీ గీత అలుక్కుపోయినట్టు ఉంటుంది. పెళ్ళి ఫోటోలు తీసేవాళ్ళు దీన్ని లెన్స్ లోపమనుకుని సర్వీసు సెంటర్ల చుట్టూ తిరగడం నేనెరుగుదును.

ఈ తరంగాల లెక్క మూలం కోసం ఇంకా వెనక్కి వెళితే 1807 దగ్గర ఫ్రాన్స్‌లో గణితవేత్త ఫూరియే కనిపిస్తాడు. ఏ వంకరనైనా తరంగాల మొత్తంగా రాయొచ్చన్నాడు. లగ్రాంజ్ అంతటి గణితవేత్త ఒప్పుకోలేదు. మధ్యలో నూటనలభై పైచిలుకు ఏళ్ళు గణిత శాస్త్రజ్ఞులవి. వాటిని దాటుకుని 1951కి వస్తే, ఎం.ఐ.టి.లో డేవిడ్ హఫ్‌మన్ అనే విద్యార్థి. పరీక్ష రాస్తారా, వ్యాసం రాస్తారా అని మాస్టారు అడిగితే వ్యాసం ఎంచుకున్నాడు. నెలల తరబడి తేలక, ఇక పరీక్షకే చదువుకుందామని నోట్సు పారేయబోతుండగా జవాబు తట్టింది. ఎక్కువసార్లు వచ్చే సంకేతానికి పొట్టి పేరు, అరుదైనదానికి పొడుగు పేరు. జేపెగ్ చివరి మెట్టులో ఇప్పటికీ ఆ విద్యార్థి పద్ధతే నడుస్తోంది.

జేపెగ్ అనే నిపుణుల సంఘం 1986లో ఏర్పడింది. పన్నెండు పద్ధతులు పోటీకి వచ్చాయి. ఏది ఎవరిదో చెప్పకుండా బొమ్మలు చూపించి, బాగున్నవాటిని ఎంచారు. 1987లో మూడు మిగిలాయి, 1988 జనవరిలో అహ్మద్ బృందం గణితం మీద నిలబడ్డ పద్ధతి గెలిచింది. 1992లో ప్రమాణమైంది. ఆలోగా, 1991లోనే, టామ్ లేన్ నాయకత్వంలో కొందరు స్వచ్ఛందంగా ప్రోగ్రాం రాసి ఉచితంగా పంచిపెట్టారు. జేపెగ్ ఇల్లిల్లూ చేరడానికి ఆ దానం చాలా పెద్ద కారణం. పదేళ్ళ తర్వాత ఒక అమెరికన్ కంపెనీ జేపెగ్ మీద పేటెంటు హక్కు తనదంటూ పది కోట్ల డాలర్లకి పైగా వసూలు చేసింది. 2006లో పేటెంటు కార్యాలయం మళ్ళీ పరిశీలించి దాని ముఖ్యమైన వాదనలు తోసిపుచ్చాక వెనక్కి తగ్గింది. ఊరందరికీ పంచినదాని మీద అద్దె వసూలు చెయ్యడం నాకు ఈ కథలో అన్నిటికన్నా బాధ కలిగించే ఘట్టం.

ఇక జేపెగ్ చుట్టాల గురించి. కెమెరాలో ఫోటో నంబరు 9999 దాటగానే మళ్ళీ 0001కి ఎందుకొస్తుంది? 1998లో జపాన్ కెమెరా తయారీదార్లు ఒప్పుకున్న నియమం అది. ఫైలు పేరు ఎనిమిది అక్షరాలే, అందులో చివరి నాలుగూ అంకెలు. ఆ ఎనిమిది పరిమితి 1970ల నాటి కంప్యూటర్లది. జేపెగ్ ఫైలు పేరు చివర మూడే అక్షరాలుండేదీ అందుకే. ఫోన్లో డీసీఐఎం అని కనిపించే ఫోల్డరు ఆ నియమంలోదే. పేరు ముందు కింది గీత ఉంటే కెమెరా అడోబ్ ఆర్‌జీబీ రంగుల్లో తీసిందని గుర్తు. ప్రింటుకిచ్చే ముందు చూసుకోవడం మంచిది.

ఫైల్లో తేదీ, షట్టర్ వేగం రాసిపెట్టే ఎగ్జిఫ్ 1995లో వచ్చింది. కానీ ఆ సమయం ఏ దేశానిదో రాసే చోటు అందులో 2016 దాకా లేదు. డల్లాస్ నుంచి విజయవాడ పెళ్ళికి వచ్చినాయన కెమెరాలో, మన ఫోటోగ్రాఫర్ కెమెరాలో తీసినవి కలిపి వరసపెడితే అప్పగింతలు తలంబ్రాల కంటే ముందొచ్చేది ఇందుకే. స్టూడియోవాళ్ళు ఫోటో వెనక సిరాతో ఊరూ తేదీ రాసే అలవాటుని మనం చేతులారా పోగొట్టుకున్నాం. దాని స్థానంలో వచ్చిన ఎగ్జిఫ్‌నేమో మెసేజీ యాప్‌లు చాలావరకు దారిలోనే తుడిచేస్తాయి. ఇంట్లోవాళ్ళ ఫోటోలు ఫార్వర్డ్ కాపీలుగా కాకుండా, అసలు ఫైళ్ళుగా అడిగి తీసుకోండి.

రానా, జేపెగ్గా అన్న ప్రశ్నకి నా జవాబు: తర్వాత వెలుతురూ రంగూ సవరించాలనుకుంటే రా తియ్యండి. రా ఫైల్లో చాలా కెమెరాలు ఒక్కో చుక్కకి 16,384 మెట్లు ఉంచుతాయి, జేపెగ్‌లో ఒక్కో రంగుకీ 256 మాత్రమే. ఆ సాయంత్రమే పంపేయాల్సినవైతే జేపెగ్ చాలు. కానీ సవరించిన జేపెగ్‌ని మళ్ళీమళ్ళీ సేవ్ చెయ్యకండి, ప్రతిసారీ ఆ భాగహారం మళ్ళీ జరుగుతుంది. రావుగారు ఆర్లింగ్టన్‌లో ఐదు దశాబ్దాలకి పైగా పాఠాలు చెప్పి, ఈ గణితం మీద పుస్తకాలు రాసి, 2021 జనవరిలో కన్నుమూశారు. లెన్సుల పేర్లు, వాటి నంబర్లతో సహా ఒప్పజెప్పగలిగే మన ఫోటో క్లబ్బుల్లో ఆయన పేరు నేనింతవరకూ వినలేదు. ఈ సారి వర్క్‌షాపులో జేపెగ్ పాఠం చెప్పేవాళ్ళు ఆ ముగ్గురి పేర్లూ బోర్డు మీద రాసి మొదలుపెట్టాలి.